షాటో దికెమ్: తీగకొక గ్లాసే ఎందుకు, కొన్నేళ్లు ఒక్క సీసా కూడా ఎందుకు రాదు?

మధురవాడ_శ్రీధర్
ఫ్రాన్స్‌లోని సోటెర్న్ ప్రాంతపు తీపి వైన్ల గురించి ఎక్కడ చదివినా చివరికి షాటో దికెమ్ అనే ఎస్టేట్ దగ్గరకే వస్తోంది. ఒక తీగ నుంచి ఒక్క గ్లాసు వైనే వస్తుందట. 2012లో అసలు ఆ పేరుతో వైనే విడుదల చేయలేదట. తోట ఉండి, పంట ఉండి సీసా లేకపోవడం ఏమిటి? ధర పెంచుకోవడానికి చేసే పనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. చరిత్ర, తయారీ రెండూ కావాలి.

గారోన్_గట్టు
శ్రీధర్ గారూ, ముందు ఆ నేల సంగతి తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఐదు ఊళ్లున్నాయి: సోటెర్న్, బొమ్, ఫార్గ్, ప్రేన్యాక్, బార్సాక్. అక్కడ సిరోన్ అనే చిన్న ఏరు గారోన్ నదిలో కలుస్తుంది. సిరోన్ చెట్ల నీడన పారుతుంది కాబట్టి నీళ్లు చల్లన, గారోన్ నీళ్లు దానికంటే వెచ్చన. శరదృతువులో ఆ రెండూ కలిసేచోట రాత్రి పొగమంచు లేచి, తెల్లవారేసరికి తోటల మీద పరుచుకుంటుంది. మధ్యాహ్నానికి ఎండ, గాలి వచ్చి దాన్ని తుడిచేస్తాయి. ఉదయం తేమ లేకపోతే బూజు పట్టదు. మధ్యాహ్నం ఎండ లేకపోతే కాయ కుళ్లిపోతుంది. ఈ రెండూ ఒకే రోజులో, వరసగా కొన్ని వారాలు జరగాలి.

దికెమ్ గుట్ట మీద ఉంది, అందుకే గాలి బాగా తగులుతుంది. పైన గులకరాళ్ల నేల, కింద బంకమన్ను. బంకమన్ను వేసవిలో తీగకు చెమ్మ అందిస్తుంది, వానల్లో మాత్రం నీళ్లు దిగనివ్వదు. అందుకని 19వ శతాబ్దంలో తోట అడుగున మట్టి గొట్టాలు పరిచారు, మొత్తం పొడవు 100 కిలోమీటర్లు. ఆ గొట్టాలు లేకపోతే వేళ్లు నీటిలో నానుతూ ఉండేవి, కాయలో రసం పలచబడేది.

ఎస్టేట్ మొత్తం 189 హెక్టార్లు. సోటెర్న్ పేరు పెట్టుకోవడానికి అర్హత ఉన్నది 113. ఏటా కాపు తీసేది సుమారు 100. ముసలి తీగలు పీకేసిన చోట వెంటనే నాటరు, నేలకు విశ్రాంతినిస్తారు. నాటాక కూడా లేత తీగల కాయ ఈ వైన్‌లోకి రాదు.

అనాబ్‌షాహి
బూజు గురించి నేను చెబుతాను. మన ద్రాక్ష రైతులకు బూడిద తెగులు, బూజు తెగులు రెండూ బాగా తెలుసు. ఇది ఆ రెండూ కాదు. బోట్రైటిస్ సినీరియా అనే శిలీంధ్రం. స్ట్రాబెర్రీ మీద, గులాబీ మొగ్గ మీద బూడిదరంగు నూగులా కనిపించేది ఇదే. పచ్చికాయ మీద పడితే పంట పోయినట్టే. పూర్తిగా పండిన కాయ మీద, పగలు ఎండ కాస్తున్నప్పుడు పడితే మేలు చేస్తుంది.

జరిగేది ఏమిటంటే, శిలీంధ్రపు పోగులు తొక్కకు కంటికి కనపడని చిల్లులు పెడతాయి. ఆ చిల్లుల్లోంచి నీరు ఆవిరైపోతుంది, చక్కెర చిక్కబడుతుంది. శిలీంధ్రం తన తిండి కోసం కొంత చక్కెర, దానికంటే ఎక్కువ పాళ్లలో టార్టారిక్ ఆమ్లం తినేస్తుంది. బదులుగా గ్లిజరాల్, గ్లూకోనిక్ ఆమ్లం వదులుతుంది. నోట్లో ఆ నున్నదనం అక్కడి నుంచే. మిగిలిన ఆమ్లాలు కూడా చిక్కబడతాయి కాబట్టి అంత తీపిలోనూ పులుపు నిలబడుతుంది.

కాయ రంగు చూస్తే దశ తెలిసిపోతుంది. మొదట బంగారు రంగు మీద చిన్న గోధుమరంగు చుక్క. తర్వాత కాయంతా ఊదా, గోధుమ కలిసిన రంగుకు తిరుగుతుంది, ఇంకా బొద్దుగానే ఉంటుంది. ఆఖరున ముడుచుకుని, తొక్క మీద బూడిద పొడి కనిపిస్తుంది. కోసేది ఈ ఆఖరి దశలోనే. రెండో దశలో కోస్తే రసం ఎక్కువ వస్తుంది, రుచి మాత్రం పలచన.

చిక్కు ఎక్కడంటే, ఒకే గుత్తిలో మూడు దశలూ పక్కపక్కనే ఉంటాయి.

విజయ_బెజవాడ
ఎండుద్రాక్ష చేసినట్టు కోసి ఆరబెడితే సరిపోదా? చక్కెర చిక్కబడటమే కావలసింది అయితే.

అనాబ్‌షాహి
సరిపోదండి. ఆరబెట్టి చేసే తీపి వైన్లు ఇటలీలో ఉన్నాయి, వాటి రుచి దారి వేరు. ఆరబెడితే ఉన్నదే చిక్కబడుతుంది. బోట్రైటిస్ కాయ లోపలి రసాయనాన్నే మారుస్తుంది. ఆప్రికాట్, తేనె, నారింజ తొక్క మురబ్బా, కుంకుమపువ్వు లాంటి వాసనలు వచ్చేది దానివల్లే.

పీపాల_గది
ఇక కోత. తోటలో సెమియోన్ రకం నాలుగింట మూడు వంతులకు పైనే, మిగతాది సావిన్యాన్ బ్లాంక్. సెమియోన్ తొక్క పలచన, బూజు త్వరగా దిగుతుంది. సావిన్యాన్ వాసన, పులుపు ఇస్తుంది. చలికాలపు కత్తిరింపులోనే తీగ మీద కళ్లు, అంటే మొగ్గలు, తక్కువ ఉంచుతారు. గుత్తులు ఎక్కువైతే కాయ పూర్తిగా పండదు, పండని కాయకు పట్టే బూజు కుళ్లే.

మామూలుగా సెప్టెంబర్ చివర్లో మొదలై నవంబర్ దాకా సాగుతుంది. సుమారు 150 మంది చిన్న కత్తెరలతో వరస వెంట నడుస్తారు. సిద్ధమైన కాయలున్న భాగాన్నే కత్తిరించి మిగతా గుత్తిని తీగకే వదిలేస్తారు. కొన్ని రోజులాగి మళ్లీ అదే వరస. సగటున ఐదారు విడతలు. 1972లో 71 రోజుల పాటు 11 విడతలు తిరిగారు, ఆఖరికి ఆ ఏడాది దికెమ్ పేరుతో ఒక్క సీసా కూడా బయటికి రాలేదు.

కోసేవాళ్లు చూడాల్సింది ముడత ఒక్కటే కాదు. పచ్చగా నీలంగా బూజు కనిపిస్తే అది పెనిసీలియం. కొద్దిగా కలిసినా వైన్‌లో మట్టివాసన, చేదు. కాయ పగిలి చిన్న ఈగలు ముసిరితే లోపల ఎసిటిక్ బ్యాక్టీరియా చేరిందని అర్థం. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన తెలుస్తుంది. అలాంటి కాయలను అక్కడే నేల మీద పడేయాలి, బుట్టలోకి రానివ్వకూడదు. వాన వస్తే కోత ఆపేస్తారు. ఎన్ని రోజులు ఆగినా కూలి ఇవ్వాల్సిందే, ఎందుకంటే వాళ్లు వెళ్లిపోతే ఎండ కాసిన రోజున మళ్లీ దొరకరు. ఈ వైన్ ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

శ్రీధర్ గారు అడిగిన గ్లాసు లెక్క ఇదిగో. హెక్టారుకు సుమారు 6,500 తీగలు, దిగుబడి సగటున 900 లీటర్లు. భాగిస్తే తీగకు 140 మిల్లీలీటర్ల లోపు. సోటెర్న్ నియమాల ప్రకారం హెక్టారుకు 2,500 లీటర్ల వరకు తీయవచ్చు. అంటే చట్టం ఇచ్చిన వెసులుబాటులో సగం కూడా వీళ్లు వాడుకోవడం లేదు.

మధురవాడ_శ్రీధర్
బాగా అర్థమైంది. ముడుచుకున్న కాయను పిండటం ఎలా? రసమే ఉండదు కదా.

పీపాల_గది
ఉంటుంది, తేనెలా చిక్కగా. కోసిన కాయలు ఆ రోజే ప్రెస్‌లోకి వెళ్తాయి. మెల్లగా పిండుతారు. తర్వాత పిప్పిని విడదీసి మళ్లీ పిండుతారు, అలా మూడుసార్లు. మామూలు తెల్ల వైన్‌కు మొదటి పిండుడు రసమే మేలైనది, పోనుపోను మోటు. ఇక్కడ తిరగబడుతుంది. ఎక్కువగా ముడుచుకున్న కాయలు మొదటిసారి లొంగవు కాబట్టి రెండో, మూడో పిండుడులో వచ్చే రసమే ఎక్కువ తీపి. పరిమాణం మాత్రం తక్కువ.

ఏ రోజు కోత ఆ రోజు విడిగా పులియబెడతారు. పీపాలు ఓక్ కర్రవి, 225 లీటర్లవి, ఏటా అన్నీ కొత్తవే. పాత పీపా వాడితే డబ్బు మిగులుతుంది, కానీ ఇంత చక్కెర ఉన్న రసంలో పాత కర్ర సందుల్లో దాగిన బ్యాక్టీరియా మేల్కొనే ప్రమాదం ఉంది.

రసాయనం
చక్కెర లెక్క నేను వేస్తాను, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ఒక శాతం ఆల్కహాల్ తయారవడానికి లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర కావాలి. దికెమ్ రసం 20 శాతం ఆల్కహాల్‌కు సరిపడా తీపితో రావాలని చూస్తారు, అంటే లీటరుకు 340 గ్రాములు. ఈస్ట్ 13.5 దగ్గర ఆగితే వాడుకున్నది 230. మిగిలింది 110 గ్రాములు. రసం 22 దాకా వస్తే మిగిలేది 145. సీసాలో మనకు దొరికే తీపి ఈ మధ్యలోనే ఉంటుంది. రసం 17 దగ్గరే కోసేస్తే 60 గ్రాములే మిగులుతుంది, అటు తీపి వైనూ కాదు ఇటు పొడి వైనూ (తీపి లేనిది) కాదు. 25 దాటితే ఈస్ట్ మొదట్లోనే చతికిలబడుతుంది, ఆల్కహాల్ తక్కువై సిరప్ తాగినట్టుంటుంది. 20 నుంచి 22 మధ్య కోయాలన్న పట్టుదలకు కారణం అదే.

పులియడం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చక్కెర ఒత్తిడి, పెరుగుతున్న ఆల్కహాల్, బోట్రైటిస్ వదిలిన నిరోధక పదార్థాలు, మూడూ కలిసి ఈస్ట్‌ను అలసిపోయేలా చేస్తాయి. అప్పుడు చల్లబరిచి, గంధకం అంటే సల్ఫర్ డయాక్సైడ్ వేసి ఆపుతారు.

ఈ గంధకం దగ్గర ఒక తిప్పలుంది. బూజు పట్టిన రసంలో గంధకాన్ని కట్టిపడేసే పదార్థాలు ఎక్కువ. వేసినదాంట్లో కొంతే స్వేచ్ఛగా ఉండి పని చేస్తుంది. అందుకే యూరప్ చట్టం రెడ్ వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాములు పరిమితి పెడితే సోటెర్న్‌కు 400 దాకా ఒప్పుకుంటుంది. తక్కువ వేస్తే సీసాలో మళ్లీ పులియడం మొదలై బిరడా ఎగిరిపోతుంది. ఎక్కువైతే కొత్త సీసా తీయగానే అగ్గిపుల్ల గీసిన వాసన.

ఇంకోటి, గ్లూకాన్. బోట్రైటిస్ తొక్క కింద వదిలే జిగురు ఇది. కాయను మోటుగా నలిపినా, పంపుతో తోసినా రసంలోకి దిగుతుంది. ఆల్కహాల్ తగిలాక పీచులా గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మెల్లగా పిండడం కేవలం సంప్రదాయం కోసం కాదు.

విజయ_బెజవాడ
చరిత్ర వైపు ఎవరూ రాలేదు, నేను మొదలుపెడతాను.

ఆ ప్రాంతం 1453 దాకా ఇంగ్లండ్ రాజుల కింద ఉండి, తర్వాత ఫ్రాన్స్‌లో కలిసింది. 1593లో జాక్ సోవాజ్ అనే స్థానికుడు రాజుగారి నుంచి దికెమ్ మీద హక్కులు పొందాడు. 1711 నాటికి ఆ కుటుంబానికి పూర్తి యాజమాన్యం దక్కింది. 1785లో ఆ ఇంటి ఆడపడుచు ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్ లూయీ అమెదె ద లుర్-సాల్యూస్‌ను పెళ్లి చేసుకుంది. మూడేళ్లకే అతను గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. ఆ వెంటనే ఫ్రెంచి విప్లవం. ఆమెను రెండుసార్లు జైల్లో పెట్టారు. అయినా ఎస్టేట్‌ను చేజారనివ్వలేదు. 1826లో పెద్ద పీపాల గది కట్టించింది. 1851లో చనిపోయేదాకా నడిపించింది. వైన్ పుస్తకాలు ఆమెకు ఒక పేరా కేటాయించి వదిలేస్తాయి. నా దృష్టిలో ఈరోజున్న దికెమ్‌కు పునాది వేసింది ఆమే.

తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఫ్రాన్స్‌లో ఆ దేశ రాయబారిగా ఉన్నప్పుడు 1787లో బోర్డో తిరిగాడు. 1784 పంట సీసాలు 250 తెప్పించుకున్నాడు. తర్వాత 1790లో వాషింగ్టన్ కోసం 30 డజన్లు, తనకు 10 డజన్లు ఆర్డరిచ్చాడు. 1859లో రష్యా జార్ తమ్ముడు గ్రాండ్ డ్యూక్ కాన్స్టాంటిన్ 1847 పంట 900 లీటర్లకు 20,000 బంగారు ఫ్రాంకులు కట్టాడు.

గారోన్_గట్టు
1847 మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. యజమాని రష్యా నుంచి ఆలస్యంగా వచ్చేసరికి కాయలు బూజు పట్టాయని, పారేయలేక వైన్ చేస్తే అద్భుతంగా వచ్చిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది నిలబడదు. 1666 నాటి ఒక నోటరీ పత్రంలోనే సోటెర్న్, బొమ్ ఊళ్లలో అక్టోబర్ 15కి ముందు కోసే ఆనవాయితీ లేదని ఉంది. ఎర్ర ద్రాక్ష కోత ముగిసిపోయే వేళకు ఇక్కడ మొదలుపెట్టేవారంటే బూజు కోసమే ఆగేవారని అర్థం.

1855 వర్గీకరణ కూడా చెప్పుకోవాలి. మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు అమ్మకపు ధరల ఆధారంగా జాబితా తయారుచేశారు. రెడ్ వైన్లలో నాలుగింటికి మొదటి శ్రేణి దక్కింది: లాఫిత్, లాటూర్, మార్గో, ఓ-బ్రియాన్. తీపి తెల్ల వైన్లకు వేరే జాబితా. అందులో దికెమ్‌ను మొదటి శ్రేణికి కూడా పైన ఒంటరిగా నిలబెట్టారు. ఆ హోదా ఇంకే ఎస్టేట్‌కూ ఇవ్వలేదు.

మధురవాడ_శ్రీధర్
ఇప్పుడు యజమాని ఎవరు? లగ్జరీ కంపెనీ కొన్నదని విన్నాను. వైన్ మారిందా?

పీపాల_గది
అవును, ఎల్‌వీఎంహెచ్. 1996లో కుటుంబంలోని వాటాదార్ల నుంచి కొనడం మొదలుపెట్టింది. 1968 నుంచి నడుపుతున్న అలెగ్జాండ్ర్ ద లుర్-సాల్యూస్ ఒప్పుకోలేదు, కోర్టుల దాకా వెళ్లింది. 1999లో రాజీ కుదిరింది. ఆయన 2004 దాకా ఉన్నారు, తర్వాత పియెర్ లుర్టన్ వచ్చారు.

వైన్ మారింది, మంచికే మారిందని నా అభిప్రాయం. ఇదివరకు మూడున్నరేళ్లు పీపాల్లో ఉంచేవారు. మూడు నెలలకోసారి మడ్డి వదిలేసి పైతేట వైన్‌ను వేరే పీపాలోకి దించడం, వారానికి రెండుసార్లు తరుగు పూరించడం. అన్నేళ్లలో ఆవిరికి, మడ్డికి కలిపి ఐదో వంతు దాకా పోయేది. ఇప్పుడు పీపాల్లో ఉంచేది రెండేళ్ల దరిదాపే. కర్ర వాసన తగ్గి పండు వాసన ముందుకొచ్చింది.

గారోన్_గట్టు
ఇక్కడ మీతో ఏకీభవించలేను. కొత్త పద్ధతి వైన్ పదేళ్లకే అందంగా ఉంటుంది, నిజమే. కానీ పాత పద్ధతిలో పీపాలోనే నెమ్మదిగా గాలి తగిలిన వైన్ సీసాలో నలభై, యాభై ఏళ్లు కదలకుండా నిలబడేది. 1921, 1937, 1967 అలా నిలిచినవే. 2001, 2009 ఎంత గొప్పవైనా ఆ వయసు పరీక్ష ఇంకా ముందుంది.

రసాయనం
పాతకాలపు నిలకడకు పీపా ఒక్కటే కారణం కాదు, అప్పటి గంధకం మోతాదు కూడా ఎక్కువే.

విజయ_బెజవాడ
చక్కెర కలిపే పద్ధతి సోటెర్న్‌లో చట్టబద్ధమే కదా? వీళ్లూ కలుపుతారా?

పీపాల_గది
చట్టం ఒప్పుకుంటుంది, దికెమ్ కలపదు. అలెగ్జాండ్ర్ కంటే ముందు 1968 దాకా నడిపిన బెర్ట్రాన్ ద లుర్-సాల్యూస్ దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. 1980లలో ఇంకో పద్ధతి వచ్చింది. వానలో తడిసిన కాయలను చల్లటి గదిలో గడ్డకట్టించి పిండుతారు. నీళ్ల కాయ మంచుగడ్డై రసం వదలదు, తీపి కాయ గడ్డకట్టదు కాబట్టి పిండితే వస్తుంది. వాన పడ్డ ఏడాదిలో కొంత ఆదుకుంటుంది, కానీ బూజు పట్టని కాయకు బూజు గుణం తేలేదు.

ఇక సీసా రాని ఏళ్లు. 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992, 2012. మొత్తం పది. 1952లో వడగళ్లు పంటను ఊడ్చేశాయి. మిగతావాటిలో ఎక్కువసార్లు కోత వేళ వానలే కారణం. వాన నీరు కాయలోకి చేరితే తీపి పలచబడుతుంది, తొక్క పగిలితే వెనిగర్ బ్యాక్టీరియా దూరుతుంది. శ్రీధర్ గారి మొదటి అనుమానానికి జవాబు ఇదే: పంట పోయిన ఏడాదీ కోత కూలి, కొత్త పీపాలు, తోట పని ఖర్చు అంతా ఎస్టేట్ మీదే పడుతుంది. తోసేసిన వైన్‌ను దికెమ్ పేరు లేకుండా వ్యాపారులకు టోకున అమ్మేస్తారు. తీపి వైన్‌లో రెండో రకం లేబుల్ పెట్టి సొమ్ము చేసుకునే ఏర్పాటు లేదు. మంచి ఏడాదిలోనూ ఏ పీపా ఏదో చెప్పకుండా రుచి చూపించి, నచ్చనివి పక్కన పెడతారు.

1959 నుంచి ఇగ్రెక్ పేరుతో పొడి తెల్ల వైన్ వస్తోంది. 2004 నుంచి ఏటా చేస్తున్నారు. అది వేరే వైన్, దికెమ్‌కు చవక రూపం కాదు.

మధురవాడ_శ్రీధర్
కొనాలంటే జాగ్రత్తలు? హైదరాబాద్‌లో దాచుకోవచ్చా?

గారోన్_గట్టు
పాత సీసాల జోలికి వెళ్లకండి. జెఫర్సన్ పేరు పొడి అక్షరాలు చెక్కిన 1780ల నాటి సీసాలు, దికెమ్‌తో సహా, 1980లలో మార్కెట్‌లోకి వచ్చాయి. ఆ చెక్కడం కరెంటు పనిముట్టుతో చేసినదని తర్వాత పరీక్షల్లో తేలింది. 1811 నాటి సీసా 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడైంది, తెల్ల వైన్‌కు అప్పటికి అదే రికార్డు. అంత డబ్బు తిరిగే చోట నకిలీ తప్పదు. ఈ శతాబ్దపు పంట, 375 మిల్లీలీటర్ల అర సీసా, కొన్నచోటు రసీదుతో సహా తీసుకోండి. విదేశం నుంచి తెస్తే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, అంటే అర సీసాలు ఐదు.

రంగు చూసి కంగారు పడొద్దు. కొత్తది లేత బంగారం, ముప్పై ఏళ్లకు కాషాయం, ఇంకా పాతది టీ డికాషన్ రంగు. ముదురు రంగు అంటే చెడిపోయిందని కాదు. బిరడా పైకి ఉబ్బి ఉన్నా, మూత చుట్టూ జిగురు కారి ఉన్నా ఎండ దెబ్బ తిన్నట్టే, తీసుకోవద్దు.

రసాయనం
దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, అడ్డంగా పడుకోబెట్టాలి. మన మే నెలలో అల్మారాలో పెడితే లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను నెడుతుంది, రాత్రి చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పీల్చుకుంటుంది. వేడి కంటే ఈ రోజువారీ పైకీ కిందికీ ఊగడమే ఎక్కువ చెరుపు. మామూలు ఫ్రిజ్ కొన్ని నెలలకు ఫర్వాలేదు, ఏళ్లకైతే పొడి గాలికి బిరడా ఎండిపోతుంది. వైన్ కూలర్, ఇన్వర్టర్ రెండూ లేకపోతే దాచుకోవడం కంటే ఆ సీజన్లోనే తాగేయడం మేలు.

విజయ_బెజవాడ
మన వంటలతో ఎలా? బొబ్బట్లతో బాగుంటుందా?

అనాబ్‌షాహి
బొబ్బట్లు వద్దండి. తిండి వైన్ కంటే తీపిగా ఉంటే వైన్ పుల్లగా, పలచగా అనిపిస్తుంది. ఖుబానీ కా మీఠా కూడా అంతే, ఆప్రికాట్ వాసన కలుస్తుంది గానీ చక్కెర సగానికి తగ్గించి చేస్తేనే. కారం ఎక్కువైతే ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది. ఉప్పు, కొవ్వు ఉన్నవి దీనికి జోడీ. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ చీజ్, బాతు కాలేయం, కాల్చిన కోడి. మన దగ్గర మిరియాలు తక్కువ వేసిన జీడిపప్పు కోడి కూర, వెన్నలో వేపిన రొయ్యలు ప్రయత్నించవచ్చు.

మధురవాడ_శ్రీధర్
అర సీసా కూడా ఒక్క పూటలో అవ్వదేమో. తెరిచాక?

రసాయనం
చక్కెర, పులుపు, గంధకం మూడూ కాపాడతాయి కాబట్టి బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచితే రెండు వారాలు నిక్షేపంగా ఉంటుంది. తాగేటప్పుడు 10 నుంచి 12 డిగ్రీలకు రానివ్వండి. మరీ చల్లగా తాగితే తీపి తప్ప ఏదీ తెలియదు. 15 దాటితే బరువెక్కుతుంది. గ్లాసుకు 60 మిల్లీలీటర్లు పోస్తే అర సీసా ఆరుగురికి వస్తుంది.

మధురవాడ_శ్రీధర్
సీసా తెరిచాక వైన్‌ను డికాంటర్‌లో (గాలి తగలడానికి పోసే గాజు కూజా) పోయాలా?

గారోన్_గట్టు
అవసరం లేదు. కొత్త పంట అయితే రెండు మూడు గంటల ముందు మూత తీసి ఉంచండి, గంధకం వాసన ఉంటే పోతుంది. ముప్పై ఏళ్లు దాటినదైతే తాగే ముందే తెరవండి.